రెండు చెంచాల ఇడ్లీ

మూడో చెంచా ఇడ్లీ మింగగానే సాంబమూర్తికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుండెల మీద చెయ్యి వేసుకుని, లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు.

రాజేశ్వరి వెనకే వెళ్ళి వీపు రాసింది. “పాతికసార్లు నమిలారా అండీ?”

“ముప్ఫైసార్లు నమిలాను రాజీ. దిగట్లేదు.”

ఆమె నోటుపుస్తకం తెరిచి రాసుకుంది. ఉదయం ఎనిమిదింపావు. ఇడ్లీ రెండు చెంచాలు. మూడోది వాంతి.

ఆపరేషనై ఆరు నెలలైంది. అప్పుడు ఆయన బరువు నూట ముప్ఫై రెండు కిలోలు. ఉయ్యూరులో వాళ్ళ బట్టల కొట్లో పరుపు మీంచి లేవాలంటే ఇద్దరు చెయ్యందించాలి. రాజేశ్వరి భయం దాని గురించి కాదు. నిద్రలో ఆయనకి ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది. ఇదే బరువుతో గుండె ఎక్కువకాలం లాగదని డాక్టరు చెప్పాకే, విజయవాడలో పొట్ట లోపల, జీర్ణాశయం పైభాగం చుట్టూ పట్టీ వేయించారు. చర్మం కింద అమర్చిన చిన్న బిళ్ళలోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. సరైన బిగుతు దొరికితే నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది, మనిషి తగ్గుతాడు.

ఆ బిగుతే దొరకడం లేదు.

“పట్టీ పొట్టకెందుకమ్మా, మా తమ్ముడి నోటికి వేయిస్తే సరిపోయేదిగా,” అంది చూడ్డానికొచ్చిన ఆడపడుచు బుల్లెమ్మ. రాజేశ్వరి నవ్వలేదు. ఆమె డిగ్రీలో హోమ్ సైన్స్ చదివింది. తెల్లవారకముందే లేచి తలస్నానం, పూజ. పూజగదిలోంచి ఇద్దరూ బయటికొచ్చాక కొలతల పని. చెంచాతో ఇడ్లీ, చిన్న గిన్నెతో పప్పు, గీతలున్న గ్లాసుతో మంచినీళ్ళు. తిన్న అరగంటదాకా ఆ నీళ్ళు కూడా ఇవ్వదు. ఇంట్లో పంచదార డబ్బా ఎత్తేసింది. నూనె మూకుడు అటకెక్కించింది. అయినా మధ్యాహ్నం ఏదో కాస్త దిగేది గానీ, ఉదయం టిఫిను మాత్రం గొంతులోనే నిలబడిపోయేది.

ఆ రోజు పదకొండింటికి హాస్పిటల్లో సాంబమూర్తి బరువు చూసే మిషనెక్కాడు. నూట ముప్ఫై నాలుగు.

డైటీషియన్ జెస్సికా నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేసింది. “ఇంత నీట్‌గా ఎవరూ రాయరు మేడమ్. కానీ ఇది తిని మనిషి బరువు పెరగడు. సార్, బయటేమన్నా తింటున్నారా? ఐస్‌క్రీములూ జ్యూసులూ లాగించేస్తుంటారు కొంతమంది. పట్టీ గట్టి పదార్థాన్నే ఆపుతుంది. మెత్తగా జారేవి జారిపోతాయి.”

“చెరుకు తోటల మధ్య ఉంటూ చెరుకురసం మొహం చూడలేదమ్మా,” అన్నాడు సాంబమూర్తి చిన్నబుచ్చుకుని. “అమ్మవారి మీద ఒట్టు. ఈవిడ చేత్తో పెట్టింది తప్ప ఇంకేదీ నోట్లో వేసుకోలేదు.”

ఆయన అబద్ధం ఆడడని రాజేశ్వరికి తెలుసు. కొట్లో గుమాస్తాని కూడా అంతకుముందే విడిగా పిలిచి అడిగింది. టీ కూడా తాగడం లేదని చెప్పాడు.

డాక్టర్ ప్రత్యూష ఫైలు మూసి పక్కన పెట్టింది.

“మూడుసార్లు బిగించాను. మీరు వాంతులంటే ఒకసారి వదులు చేశాను. వాంతుల్ని చూస్తే బిగుతు ఎక్కువైనట్టుంది. బరువు చూస్తే అసలు బిగుతే లేనట్టుంది. నన్నేం చెయ్యమంటారండీ?”

“మీరే అలా అంటే మేమెవర్ని అడగాలి డాక్టరుగారూ?” అంది రాజేశ్వరి.

“వచ్చే నెలదాకా చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే పట్టీ తీసేద్దాం. వేరే ఆపరేషన్ చెయ్యాలంటే ఈ ఊపిరి సమస్యతో రిస్కు. నేను మాటివ్వలేను.”

తిరుగుదారిలో కారు కంకిపాడు దాటకముందే సాంబమూర్తి నిద్రలోకి జారాడు. గురక పెరిగి, పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోయింది. రాజేశ్వరి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దాకా వెళ్ళాక భుజం పట్టుకుని కుదిపింది. ఆయన ఉలిక్కిపడి, మునిగి పైకి తేలినవాడిలా గాలి పీల్చుకున్నాడు.

“ఊరొచ్చిందా?”

“లేదు. పడుకోండి.”

మళ్ళీ పడుకున్నాడు. ఆమె మళ్ళీ లెక్క మొదలుపెట్టింది.

ఉయ్యూరు వచ్చేదాకా ఆరు నెలల్నీ ఒక్కో రోజు చొప్పున తవ్వి చూసుకుంది. ఎక్కడా తన చేత్తో తప్పు దొర్లలేదు. ఒక్క చెంచా ఎక్కువ పెట్టలేదు. ఒక్క రోజు రాయడం మర్చిపోలేదు. మనిషి చెయ్యగలిగిందంతా చేసింది.

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని పూజగదిలోకి వెళ్ళి, దీపం వెలిగించి, కొంగు పరిచి కూర్చుంది. ఇన్నాళ్ళు ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

“అమ్మా, ఆయన కోసం రోజూ పొద్దున్నే నీకు పెడుతున్న పరమాన్నం నీకు చాలడం లేదేమో, రేపట్నించి సాయంత్రం కూడా అంతే బెల్లం, అంతే నెయ్యి వేసి నైవేద్యం పెట్టి, పొద్దుటిలాగే గిన్నె అడుగుదాకా ఆయన చేతే తినిపిస్తాను, ఆ పట్టీ కుదిరేలా చూడు తల్లీ.”