తెల్లగీత మీద నడిచే కారు

ఎలుగుబంటి కొత్త కారు కొంది. రోడ్డు మీది తెల్లగీతను చూసుకుంటూ స్టీరింగ్ తనంతట తానే తిప్పుకునే కారు అది. ఎలుగు మాత్రం రెండు చేతులా తేనెపట్టు పట్టుకుని హాయిగా నాకుతూ కూర్చునేది.

ఒకరోజు కొండముచ్చు పక్కసీట్లో ఎక్కింది. దానిది పాత జీపు. స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు లాగేస్తాయి.

"మావా, స్టీరింగ్ మీద ఒక చెయ్యన్నా వెయ్యి. నా జీపు రాయెక్కినా, బురదలో దిగినా ముందు నా చేతులకే తెలుస్తుంది."

"అందుకేగా అల్లుడూ, నీ చేతులు కాయలు కాశాయి!" అని ఎలుగు నవ్వింది. "కారుకే కళ్ళున్నాయి. మనకెందుకీ తిప్పలు?"

చెరువు మలుపు వచ్చింది. రోడ్డు అంచు నుంచి నీళ్ళ దాకా తెల్లకొంగలు బారుగా నిలబడి ఉన్నాయి. కారు ఆ బారునే తెల్లగీత అనుకుని చెరువు వైపు తిరిగింది. చప్పుడుకి కొంగలన్నీ ఎగిరిపోయాయి.

"గీత కనబడటం లేదు. స్టీరింగ్ మీరు పట్టుకోండి," అంది కారు మర్యాదగా.

తేనెపట్టు ఎక్కడ పెట్టాలా అని ఎలుగు అటూ ఇటూ చూసింది. ఈలోపు కొండముచ్చు అడ్డంపడి స్టీరింగ్ తిప్పేసింది. లోతు నీళ్ళలోకి పోవాల్సిన కారు ఒడ్డున బురదలో కూరుకుపోయింది.

"ముందే చెప్పొద్దూ!" అని ఎలుగు కారు మీద అరిచింది.

"చెప్పానుగా," అంది కారు, "కొంగలు ఎగరగానే."

కొండముచ్చు తలుపు తీసుకుని దిగింది.

"ముందు చేతులు కడుక్కో మావా. నీళ్ళు దగ్గర్లోనే ఉన్నాయి."