జ్వరం రాని మనిషి

వారం రోజులుగా భార్య సువర్ణ మంచం పక్కనే కూర్చుని ప్రభాకరరావు మాస్టారు అలసిపోయారు. ఆమెకు మలేరియా. ఆయన పన్నెండేళ్లు ఏజెన్సీ బడిలో పనిచేసి, రెండు నెలల క్రితమే మలికిపురానికి బదిలీ మీద వచ్చారు.

ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన నర్సమ్మ ఆయన వేలు కూడా పొడిచి రక్తం తీసుకుంది.

"నాకెందుకమ్మా? అక్కడ మొదటి రెండేళ్లే జొరమొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు వెచ్చబడితే ఒట్టు," అన్నారాయన.

మర్నాడు ఆమె మాత్రలు తెచ్చింది. అవి ఆయనకే.

"మీ రక్తంలోనూ ఉందండీ. మళ్లీ మళ్లీ వచ్చేసరికి మీ ఒళ్లు దాంతో పోరాడ్డం నేర్చేసుకుందండి. జొరం రాకుండా అణిచిపెట్టింది గానీ, పూర్తిగా చంపలేకపోయిందండి. చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. మిమ్మల్ని కుట్టిన దోమే అమ్మగార్నీ కుట్టుంటుందండి."

ఆమె వెళ్లాక ఆయన మళ్లీ మంచం పక్కన కూర్చున్నారు.

"నావల్లే వచ్చింది సువర్ణా," అన్నారు.

సువర్ణ కళ్లు తెరవలేదు.

"అక్కడ జొరాలొస్తాయని నన్ను పన్నెండేళ్లూ ఇక్కడ ఒక్కదాన్నే ఉంచేసేరు," అంది నీరసంగా. "మీతో తీసుకెళ్లుంటే నా ఒళ్లూ నేర్చుకునేదండీ."