నస్యం బాబాయి వేలు

ఆఫీసు కంప్యూటర్లు చూసే ఆవిడ ఆ రాత్రి ఒక్కతే కూర్చుని పని పూర్తిచేసింది. ఇక గుత్తెడు పాస్‌వర్డులతో పనిలేదు. గేటు దగ్గర ఒక్కసారి వేలు పెడితే లిఫ్టు, తలుపులు, మెయిలు అన్నీ తెరుచుకుంటాయి. పరీక్షించడానికి పోయిన నెల కాలం చేసిన గుమాస్తా ఖాతా వాడుకుంది. ఆయన్ని అందరూ నస్యం బాబాయి అనేవారు. ముక్కు తుడుచుకున్న వేలితోనే ఫైళ్లు తిప్పేవాడు. పోయినవాడు ఫిర్యాదు చెయ్యడు కదా అనుకుంది.

తెర మీద ఆయన ఖాతా పక్కన పచ్చచుక్క వెలిగింది. గేటు తెరుచుకుందన్నమాట.

వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. "ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదమ్మా. కానీ వేలు పెట్టే అద్దానికి ఎవరో చీమిడి పూసిపోయారు. ఛీ, నస్యం రంగులో, ఇంకా వెచ్చగా ఉంది! మీవాళ్లకి జేబురుమాళ్లు ఉండవా?"

తెర మీద లిఫ్టు చుక్క కూడా పచ్చబడింది. ఆమె గబగబా ఖాతా తీసేయబోయింది.

"లోపల ఉన్నవారి ఖాతా తొలగించరాదు" అంది తెర. ఆ నిబంధన సాయంత్రం తనే పెట్టింది.

వరండాలో ఎవరో తీరిగ్గా తుమ్మారు. మళ్లీ నొక్కుదామని ఆమె మౌసు అందుకుంది.

అది వేళ్లకి జిగటగా, వెచ్చగా అంటుకుంది.