పిడికెడు బియ్యం

"రోజూ పులిహోర, లేకపోతే కిచిడీ. పసుపు చూసి చూసి విసుగొచ్చింది. ఇవాళైనా తెల్లన్నం వండి కాస్త పప్పుచారు పెట్టు," అన్నారు సువార్తరాజు బూట్లు వేసుకుంటూ.

ఆయన భార్య కృపాబాయి బియ్యం డబ్బాలోకి ఓసారి తొంగిచూసింది. "సరే. ఆరాధన అవగానే నేను ముందొచ్చి వండుతాలెండి," అంది.

ఆ రోజు నెలలో రెండో ఆదివారం. కెనడాలోని మార్కమ్‌లో ఆ చిన్న తెలుగు సంఘంలో బియ్యం పంచే రోజు. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం దేవుడి పేర తీసి పెట్టడం కోస్తాలో తల్లులు నేర్పిన అలవాటు. ఆ పిడికెళ్లన్నీ చర్చి బేస్‌మెంట్‌లో ఉన్న నీలం డబ్బాలోకి చేరతాయి. దాని బాధ్యత సువార్తరాజుది.

పేట ఎలా మారుతోందో ఆయనకి ఆ డబ్బాయే చెప్పేది. పన్నెండేళ్ల కిందట అందులో అంతా సోనా మసూరే. తెలుగువాళ్లందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. బియ్యం కావాలనేవాళ్లే లేరు. ఇప్పుడు చుట్టుపక్కల వాళ్లూ తెచ్చి పోస్తున్నారు. పంజాబీ ఆవిడ బాస్మతి, మలయాళీలు ఎర్రబియ్యం, మూలింటి చైనా మామ్మ జిగురు బియ్యం. అన్నీ అందులోనే కలిసిపోతాయి. డబ్బా నిండుతోంది గానీ చాలడం లేదు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు స్టూడెంట్లు. పార్ట్‌టైమ్ పనులు దొరకడం లేదు. అందుకే ఇంటికి ఒక్క సంచేనని ఆయనే రూలు పెట్టారు.

మన పిల్లలు సంచుల కోసం లైన్లో నిలబడితే, పై అంతస్తు ఆరాధన ముగించుకుని దిగే తెల్లవాళ్లు చూస్తూ వెళ్తుంటే, ఆయనకి తలకొట్టేసినట్టుండేది. ప్రభువా, ఇలా చెయ్యి చాపించడం దేనికి అని లోలోపల అడిగేవారు.

ఆ రోజూ అలాగే అనుకుంటుండగా చూశారు. ఆయన ఉండే వీధిలోనే బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న వర్ష, ఒక సంచి చేత్తో పట్టుకుని ఇంకోటి గబుక్కున బ్యాగులోకి దోపింది.

"ఆగమ్మా. బ్యాగులో ఏంటది?"

లైనంతా ఇటు తిరిగింది. వర్ష తల దించుకుంది.

"రెండోది మాకు కాదంకుల్."

"మరెవరికి?"

"చెప్పొద్దన్నరు."

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"మూడు నెల్లాయె."

ఆయన గొంతు లేచింది. "చూడమ్మా, ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. అయినా ఎవరి ముందైనా చెయ్యి చాపానా? మా ఇంట్లో ఒక్కపూటైనా పొయ్యి వెలగకుండా ఉందా? దేవుడే పోషిస్తున్నాడు. ఆయన్ని నమ్ముకోవాలి గానీ, పదిమంది నోటికాడిది ఇలా ఎత్తుకుపోతారా?"

వర్ష ఏదో అనబోయింది. ఆయన ముఖంలోకి చూసి ఆగిపోయింది. రెండో సంచి తీసి బల్ల మీద పెట్టి, "సారీ అంకుల్," అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేటప్పుడు దారంతా ఆయనకి మనసు మనసులో లేదు. అందరి ముందూ అనకుండా ఉండాల్సిందేమో. ఎవరికని ఇంకోసారి మెల్లగా అడిగుంటే బాగుండేదేమో.

"మన వీధిలో ఆ కరీంనగర్ పిల్ల లేదూ, వర్ష. ఇవాళ దొరికిపోయింది," అన్నారు చేతులు కడుక్కుంటూ. "రెండో సంచి వెనక్కి తీసుకున్నాను."

పప్పుచారు కలుపుతున్న గరిటె ఆగింది.

"అందరి ముందా?"

"అందరి ముందే. ఎవరి కోసమో మాత్రం నోరు విప్పలేదు."

కృపాబాయి కంచం పెట్టింది. గిన్నె మూత తీసి, అడుగున మిగిలినదంతా ఊడ్చి వడ్డించింది. "తెల్లన్నం అడిగారుగా," అని పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

సువార్తరాజు కళ్లు మూసుకుని, నేటి ఆహారానికి దేవుడికి వందనాలు చెప్పి, కళ్లు తెరిచారు.

కంచంలో పొడుగాటి బాస్మతి మెతుకు పక్కన ముద్దయిపోయిన జిగురు మెతుకు, దాన్ని ఆనుకుని ఇంకా పలుకుగానే ఉన్న ఎర్ర మెతుకు.