చక్రం కింద దిమ్మ

ప్రయాణికులు వాగులో నీళ్ళు తాగి పైకి వచ్చేసరికి బర్మాలోని కలో కొండదారి మీద బస్సు లేదు. కింద లోయలో, వెదురుపొదల మధ్య, చక్రాలు పైకి లేపి పడి ఉంది.

అందులో ఎవరూ లేరు. అదొక్కటే అదృష్టం. మధ్యాహ్నం దాటితే బౌద్ధ స్వాములు ముద్ద ముట్టరు. అందుకే ముందు సీటులో ఉన్న మఠం పెద్ద, వృద్ధ సయాడో భోజనం కోసం, డ్రైవర్ థా జాన్ కొండ ఎక్కుడు మధ్యలోనే బండి ఆపాడు. చెట్టు నీడన స్వామి పాత్రలో అన్నం వడ్డించి అందరూ వాగుకు దిగారు.

"దిమ్మ పెట్టలేదురా నువ్వు," అన్నాడు థా జాన్ క్లీనర్ ఫో మ్యాతో.

బండి ఆగిన ప్రతిచోటా కిందికి దూకి, వెనక చక్రానికి కొయ్యదిమ్మ అడ్డం పెట్టడమే ఫో మ్యా పని. ఆ దారిలో బ్రేకుల్ని నమ్మిన డ్రైవర్ ఎవడూ లేడు.

"పెట్టానన్నా. కాలితో తన్ని మరీ చూశాను."

"మరి ఏమైంది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"నా కోళ్ళు పోయాయి," అని ప్రయాణికురాలు డా న్యున్ ఏడుపు అందుకుంది. "ఎద్దుబండిలో పోదామంటే మా ఆయన విన్నాడా? మోటారట, మోటారు."

"ఇవాళ్టితో నీకూ నాకూ సరి," అన్నాడు థా జాన్. "ఈ కొండల్లో ఏ బస్సువాడూ నిన్ను పనిలో పెట్టుకోకుండా చూస్తాను."

చెట్టు కింద సయాడో తలెత్తలేదు. "కోపం మంచిది కాదు నాయనా," అన్నాడు అన్నం కలుపుతూ.

"స్వామి మాట మీద కొట్టకుండా వదులుతున్నాను. ఆయనకు మొక్కి పో."

ఫో మ్యా సయాడో ముందు మోకరిల్లి మూడుసార్లు నేలకు నుదురు ఆనించాడు. మూడోసారి చాలాసేపు లేవలేదు. లేచాక ఎవరి ముఖమూ చూడలేదు.

"నేనే మరిచిపోయానన్నా," అన్నాడు. "దిమ్మ పెట్టలేదు."

"విన్నారా అందరూ? ఇప్పుడొచ్చింది నిజం."

సయాడో చేతిలోని ముద్ద జారి పాత్రలో పడింది. పాత్ర పక్కన పెట్టాడు.

"నా కోసం అబద్ధమాడకు నాయనా. వీళ్ళంతా తిరిగొచ్చి నాతో సమంగా నేల మీద కూర్చుంటే నామోషీ అవుతుందనిపించింది. ఇంజను ఆగింది, బండి ఇక కదలదనుకున్నాను. ఆ దిమ్మ లాక్కొచ్చింది నేనే. ఇదిగో, ఇప్పటికీ దాని మీదే కూర్చున్నాను."