రాజుగారికి పడని గోధుమ

“నాకీ చపాతీ పడట్లేదు సుందరీ,” అంటూ నరసరాజు కంచం పక్కకి జరిపాడు.

బాలాత్రిపురసుందరి పెనం మీది చపాతీని అట్లకాడతో తిరగేసి మొగుడి వంక చూసింది. ఈ వారంలో ఈ మాట వినడం నాలుగోసారి.

“అదేంటండీ? మొన్నటిదాకా బాగానే పడిందిగా!”

“తిన్న అరగంటకే పొట్ట డప్పులా ఉబ్బిపోతోంది. గోధుమలో గ్లూటెన్ అని ఒకటుంటుందంట. అది కొందరికి పడదంట.”

“ఎవరు చెప్పారు? ఫోన్లో చూశారా?”

నరసరాజు గ్లాసెత్తి మంచినీళ్ళు తాగాడు. సుందరికి సంగతి అర్థమైపోయింది. పెదపాడులో పన్నెండెకరాల వరిచేనున్న మనిషి, మూడు పూటలా అన్నం తిని పెరిగిన ప్రాణం. రెండేళ్ళ కిందట షుగరు మూడొందలు దాటితే రాత్రి అన్నం మాన్పించింది ఆవిడే. ఆయనొక్కడికే చపాతీ పెడితే బెంగపడతాడని తనూ ఆయనతోపాటు అవే తింది. రోజూ ఒత్తీ ఒత్తీ షుగరుని నూట నలభైకి దింపింది. ఇప్పుడు అన్నం కోసం కొత్త నాటకం మొదలుపెడితే ఊరుకుంటుందా?

“అయితే ఏలూరు వెళ్దాం పదండి. డాక్టరుగారు మానెయ్యమంటే మానేద్దురుగాని.”

ఆ మాటతో తోక ముడుస్తాడనుకుంది. నరసరాజు ముఖం వెలిగిపోయింది.

“నువ్వూ లోపలికి వస్తానంటేనే వెళ్తాను.”

“రాకేం? మీ నాటకం దగ్గరుండి చూడొద్దూ!”

గురువారం ఇద్దరూ ఏలూరు వెళ్ళారు. ఆసుపత్రంటే సుందరి లెక్కలో మొగుణ్ణి తీసుకెళ్ళే చోటు. తన ఒంట్లో ఏం తేడా చేసినా శొంఠి కాఫీ తాగి పనిలో పడిపోయేది, వెళ్దాం రమ్మని ఆయన బతిమాలినా గడప దాటేది కాదు. ఇవాళ మాత్రం పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరింది. దొంగని పట్టుకోవాలంటే ఆ మాత్రం హంగు ఉండాలిగా.

డాక్టరు గది మేడమీద ఉంది. సగం మెట్లెక్కి సుందరి ఆగింది, గోడమీద బోర్డు చదువుతున్నట్టు. ముందు వెళ్తున్న నరసరాజు దిగొచ్చి పక్కన నిలబడ్డాడు.

“మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోంది నాకు.”

“పొద్దున్నే మన చేపల చెరువు గట్టంతా చుట్టొచ్చిన మనిషికి ఆయాసమా? చాల్లెండి!” అంది సుందరి.

డాక్టర్ లిడియా నవ్వుముఖంతో ఇద్దరినీ కూర్చోమంది. “చెప్పండి రాజుగారూ.”

నరసరాజు పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. “చపాతీ తింటే పొట్ట ఉబ్బరమండి. వారానికి రెండు మూడుసార్లు విరేచనాలు. నోట్లో పుళ్ళు. జుట్టు ఊడిపోతోందండి.”

సుందరి ఫక్కున నవ్వింది. “ఏ జుట్టండీ? మన పెళ్ళినాటికే సగం లేదు!”

“సన్నబడిపోతున్నానండి. ఉంగరం వదులైపోయింది,” అన్నాడు ఆయన తొణక్కుండా. ఆ ఉంగరం సబ్బు రాసినా రావడం మానేసి పదేళ్ళయింది.

“ఐరన్ మాత్రలు ఎన్ని వేసుకున్నా రక్తం పట్టట్లేదండి,” అని మళ్ళీ అందుకున్నాడు.

“అయ్యో రామా, ఆ మాత్రలు నావండీ! మా ఊరి నర్సమ్మ నాకిచ్చింది. మీరు మింగేస్తున్నారా ఏంటి?”

లిడియా నవ్వు ఆపుకుని సుందరి వైపు తిరిగింది. “సీలియాక్ అని ఒక జబ్బుందమ్మా. గోధుమలోని గ్లూటెన్‌ని చూసి ఒంట్లోని కాపలావాళ్ళే తిరగబడి పేగుని పాడుచేస్తారు. పేగు లోపల నారుమడిలో నారులాగా సన్నటి మొలకలుంటాయి. తిన్నది ఒంటికి పట్టించేది అవే. అవి అణిగిపోతే ఎన్ని మాత్రలు మింగినా రక్తం పట్టదు.”

“దానికి మందేంటండీ?”

“మందులేం ఉండవు. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ జన్మలో ముట్టకూడదు. ఇంగువ పొడిలో కూడా చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, చూసి కొనాలి. అన్నం నిశ్చింతగా తినొచ్చు.”

“అదిగో! అన్నం!” సుందరి కుర్చీలోంచి సగం లేచింది. “అక్కడికి రావడానికే ఇదంతా. ఈయన్ని నమ్మకండి డాక్టరుగారూ. ఒంట్లో ఏ రోగమూ లేదు.”

“నాకూ అదే అనిపిస్తోందమ్మా.”

సుందరి గర్వంగా మొగుడి వంక చూసింది. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు, కానీ పెదాలమీద చిన్న నవ్వుంది. ఆ నవ్వు చూసి ఆవిడకి ఒళ్ళు మండింది.

“మరి ఇంటికి వెళ్ళొచ్చాండీ?”

“రక్తపరీక్ష చేయించాలమ్మా. పోయిన సోమవారం రాజుగారు వచ్చినప్పుడే రాసిపెట్టాను.”

“సోమవారమా? ఏవండీ, చేపల మేత కొనాలని ఏలూరొచ్చింది ఇందుకా? నాతో అబద్ధం కూడానా!”

నరసరాజు గోడ గడియారం వైపు తిరిగాడు. లిడియా బల్లమీది ఫైల్లోంచి పరీక్షల చీటీ తీసి సుందరి ముందు పెట్టింది.

మొగుడి బండారం మొత్తం పైకి చదివి పరువు తీద్దామని సుందరి కళ్ళజోడు పెట్టుకుంది. ఉబ్బరం, విరేచనాలు, నోటిపుళ్ళు, జుట్టు ఊడటం, సన్నబడటం, ఆయాసం, రక్తం పట్టకపోవడం, ఒక్కటీ పొల్లుపోకుండా అన్నీ వరసగా రాసున్నాయి.

పైన పేషెంటు పేరు దగ్గర బాలాత్రిపురసుందరి అని ఉంది.