రేవుకు చేరిన కేక

రాబోయే కాలపు వైర్‌లెస్ నెట్‌వర్క్ మీద డోర్కాస్ చేస్తున్న పరిశోధనకు ప్రభుత్వ గ్రాంటు కొనసాగించాలా, ఆపెయ్యాలా అన్నది తేల్చడానికి ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది.

సాల్ట్ లేక్ ప్రయోగశాలలో ఆమె మాట్లాడితే, హుగ్లీ ఒడ్డున రేవులో పెట్టిన స్పీకరులో ఆ మాట అదే క్షణంలో వినపడాలి. పొద్దుట్నుంచి లింకు తెగుతూనే ఉంది.

చివరికి లింకు కలిసి తెర మీద రేవు కనిపించింది. సిక్కోలు కూలీలు సరుకు దించుతున్నారు. ఇంతలో క్రేనుకు వేలాడుతున్న పెద్ద పెట్టె ఒక పక్కకు ఒరిగింది. దాని కింద ఒక ముసలాయన బీడీ వెలిగించుకుంటున్నాడు.

డోర్కాస్ మైకు లాక్కుంది.

"నాన్నా! పెట్టి పడిపోతంది! ఎనక్కెలిపో నాన్నా!"

ముసలాయన ఉలిక్కిపడి వెనక్కి దూకాడు. అతను నిలబడ్డ చోటే పెట్టె పడి బద్దలైంది.

కమిటీ ఛైర్మన్ మంచినీళ్ల గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"ఈ పని ఆగకుండా చూస్తాం. ఆయన మీ నాన్నగారా?"

"ఆయనెవరో నాకు తెలీదు సార్," అంది డోర్కాస్. "మా నాన్న ఆ రేవులోనే ఇలాగే పెట్టె మీద పడి చనిపోయాడు. చూసినవాళ్లు అరిచారట. ఆయనకు వినపడలేదు."